నేను తోడని నీళ్ళు

సీసా నిండాక మూత బిగించి చీటీ అంటించాలి. చీటీ మీద ఊరి పేరు, బావి ఎక్కడుందో గుర్తు, తేదీ, వేళ, అన్నిటికన్నా కింద నీళ్ళు తీసినవారి సంతకం. ఆ చివరి గడిలో నా సంతకం ఎప్పుడూ చిన్నగా, ఒక మూలకు ఒదిగి ఉండేది. నాందేడ్‌లో నీటి పరీక్షల ల్యాబులో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఎనభైల మొదటి మాట ఇది. నాకు ఇరవై మూడేళ్ళు.

ల్యాబంటే రెండు గదులు. ఒక దాంట్లో పొయ్యిలు, గాజు సామాను. ఇంకో దాంట్లో కెమిస్టు సాహెబు టేబులు, రిజిస్టర్లు, ఒక అల్మారా. ఆయన మరాఠీ మనిషి, మాట తక్కువ. పల్లెల్లో జనం తాగే బావుల నీళ్ళు తెచ్చి, వాటిలో ఏ రసాయనం ఎంత ఉందో చూసి పంచాయతీకి కాగితం పంపడం మా పని. సరిహద్దు ఊళ్ళకు నన్నే పంపేవారు. అక్కడి రైతులు ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకుంటారు, మా ఇంట్లోనూ తెలుగే, కాబట్టి నాకు సులువని సాహెబు అనుకున్నాడు. కొత్తవాళ్ళ ఎదుట నాకు ఏ భాషా రాదని ఆయనకు తెలియదు.

అల్మారాలో నీటి రసాయనాల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. మధ్యాహ్నం డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం తిన్నాక అందరూ కునుకు తీస్తుంటే నేను దాన్ని నవల చదివినట్టు చదివేదాన్ని. నైట్రేట్ గురించి అందులో నాలుగు పేజీలు. పెంటకుప్పల నుంచి, చేలల్లో చల్లిన ఎరువుల నుంచి నేలలోకి ఇంకి, వానతో పాటు బావిలోకి దిగుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. పెద్దవాళ్ళు తాగితే పెద్దగా ఏమీ కాదు. ఆరు నెలల లోపు పిల్లలు తాగితే మాత్రం రక్తానికి గాలిని మోసే శక్తి పోతుంది. పెదవులు, గోళ్ళు నీలం తిరుగుతాయి. ఈ వాక్యం చదివిన రోజున నాకు అన్నం సయించలేదు. అయినా అది పుస్తకంలోని సంగతిగానే ఉండిపోయింది.

మాఘమాసంలో ఒక పొద్దున నాయ్‌గావ్‌లో సర్కారు ఎస్టీ బస్సు దిగి, గోదావరి వైపు పోయే మట్టిదారిలో ఒక ఊరికి నడిచి వెళ్ళాను. ఊరి మధ్యలో చేదబావి. పక్కన పశువుల కొట్టం, దాని వెనుక మనిషెత్తు పెంటకుప్ప. బావి చుట్టూ ఎడ్లను కడిగే మగవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. నా చేతిలో సీసా చూసి ఒకాయన అడిగాడు.

"నాందేడ్‌ల నీళ్ళు లేవా బిడ్డా, మా ఊరికెల్లి మోసుకపోతున్నవ్?"

అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, సరదాగానే. కానీ నాకు చెవులు వేడెక్కిపోయాయి. వాళ్ళందరి ఎదుట గిరక మీద తాడు వేసి, కొంగు బిగించి, చేద లాగాలన్న ఆలోచనకే రెండడుగులు వెనక్కి వేశాను. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నాలుగోసారి అంచు దాకా నింపాలి. అంతసేపు వాళ్ళంతా నన్నే చూస్తారు. అప్పుడే బావికి ఎదురింటి పెద్దమ్మ గడపలోంచి పిలిచింది. యాభై దాటిన మనిషి, నుదుట రూపాయంత బొట్టు. నన్ను లోపలికి తీసుకుపోయి పీట వేసింది, చాయ్ పెట్టింది. సీసా ఎందుకో అడిగి తెలుసుకుంది.

"నువ్వు కూసో బిడ్డా. నేను నింపుకొస్త."

నేను సీసా ఇచ్చేశాను. ఎలా నింపాలో చెప్పాను, ఆమె శ్రద్ధగా విన్నది. సీసాతో పెరటి వైపు పోయింది. నేను చాయ్ తాగుతూ, బయటికి పోవలసిన అవసరం తప్పినందుకు ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను. కాసేపటికి నిండిన సీసాను కొంగుతో తుడిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. చీటీ మీద సంతకం చేశాను.

పరీక్షలో ఆ నీళ్ళు చక్కగా వచ్చాయి. నైట్రేట్ లేనట్టే. ఉప్పు తక్కువ, సున్నం తక్కువ. చుట్టుపక్కల ఊళ్ళ బావులన్నీ అంతో ఇంతో చెడి ఉంటే ఇదొక్కటి ఇలా ఉందేమిటని సాహెబు కాసేపు కాగితం వైపు చూశాడు. నీళ్ళు నువ్వే తీశావు కదా అని మరాఠీలో అడిగాడు. అవునని తల ఊపాను. తల ఊపడం నాకు మాట్లాడడం కన్నా ఎప్పుడూ తేలికే. బావి తాగడానికి పనికొస్తుందని పంచాయతీకి కాగితం వెళ్ళింది.

రెండో విడత నీళ్ళు తేవడానికి శ్రావణంలో మళ్ళీ ఆ ఊరికే పంపారు. వానలు పడి దారంతా నల్లరేగడి బురద. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. నన్ను చూడగానే పెద్దమ్మ ముఖం విప్పారింది. కాళ్ళకు నీళ్ళిచ్చి, లోపలికి రమ్మని, నీ కాగితం చావడి గోడకు అంటించారని చెప్పింది. మా ఊరి బాయి మంచిదని సర్కారు రాసిచ్చిందని చుట్టుపక్కల ఊళ్ళోళ్ళకు కూడా చెప్పుకుంటున్నారట. కూతురు తొలికాన్పుకు వచ్చిందని, ఆడపిల్ల పుట్టి నెలన్నర అయిందని కూడా చెప్పింది.

బాలింత మంచం మీద కూర్చుని ఉంది. ఒడిలో పిల్ల. ముద్దుగా ఉందనాలని వంగి చూశాను. పిల్ల పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

నా చూపు గమనించి పెద్దమ్మ నవ్వింది. కడుపుతో ఉన్నప్పుడు ఆపమన్నా ఆపకుండా కూతురు నేరేడు పండ్లు తిన్నదట, ఆ రంగే పిల్లకు దిగిందట. నాలుగు నెలలు పోతే తేటపడుతుందని మంత్రసాని కూడా అన్నదట. కూతురు సిగ్గుపడి నవ్వింది. పిల్ల గుప్పెట విప్పి చూశాను. చిన్న చిన్న గోళ్ళు, వాటి కింద అదే రంగు. పిల్ల ఏడవడం లేదు. ఊరికే వేగంగా ఊపిరి తీస్తోంది.

పాలు ఏవి పడుతున్నారని అడిగాను. తల్లికి కాన్పు తర్వాత జ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. బర్రెపాలు చిక్కన కాబట్టి ఒక వంతు పాలకు రెండు వంతుల నీళ్ళు కలిపి పడుతున్నారు.

"ఏ నీళ్ళు?"

"బాయి నీళ్ళే. ఎన్కట గంగ నుంచి బండి మీద తెచ్చుకుంటుంటిమి, చుట్టాలకు, పప్పు ఉడికేటందుకు. మీ కాగితం అచ్చినంక బండి బంద్ వెట్టినం. బాయి మంచిదని తెలిసినంక ఆ తిప్పలెందుకు."

గంగ అంటే అక్కడ గోదావరి. వారానికోసారి బండి కట్టి, నది నుంచి బిందెలతో తెచ్చుకునే నీళ్ళు. బావి నీళ్ళల్లో పప్పు ఉడకదట. నీళ్ళల్లో సున్నం ఎక్కువైతేనే పప్పు ఉడకదు. పప్పు ఉడకని బావిలో సున్నం తక్కువగా ఎలా ఉంటుంది?

"పెద్దమ్మా, మొన్న మాఘంల నా సీసాల ఏ నీళ్ళు పోసిన్రు?"

"గంగ నీళ్ళే పోసిన. సర్కారు ఆఫీసుకు పోయే నీళ్ళాయె. సాహెబులు నోట్ల పోసుకుంటరో ఏమో. ఆ సవుడు నీళ్ళు పంపితే ఊరి మర్యాద ఏముంటది?"

అంత ప్రేమగా, అంత మామూలుగా చెప్పింది. ఇంటికి వచ్చినవాళ్ళకు ఆ ఊళ్ళో బావి నీళ్ళు ఇవ్వరు. నా సీసాను కూడా ఆమె ఇంటికొచ్చిన చుట్టంలాగే చూసింది.

సీసా తీసుకుని బావి దగ్గరికి వెళ్ళాను. అక్కడ మనుషులున్నారో లేరో కూడా గుర్తు లేదు. తాడుకు అరచేతులు ఒరుసుకుపోయాయి. మూడుసార్లు కడిగి నింపాను. నీళ్ళు గాజులా తేటగా ఉన్నాయి. చీటీ మీద సంతకం చేశాను. ఇంట్లోకి మళ్ళీ పోకుండా, పోయివస్తానని గడప బయటి నుంచే చెప్పి రోడ్డు వైపు నడిచాను.

ఆ నడక గురించి రాయడానికే నాకు చాలా రోజులు పట్టింది. నాలుగు గంటలకు నాయ్‌గావ్ నుంచి బస్సు ఉంది. మర్నాడు పరీక్ష చేయొచ్చు. సాహెబుకు చూపిస్తే ఆయన కాగితం రాస్తాడు. అది పంచాయతీకి చేరడానికి పది రోజులు. వానల్లో నీళ్ళు మారిపోయాయని రాస్తే మాఘం సంగతి ఎవరికీ తెలియదు. పిల్లకు పుట్టుకతో గుండె జబ్బు కూడా ఉండొచ్చు కదా. ఇవన్నీ నేనే అనుకున్నాను, ఇంకెవరో కాదు. ఉద్యోగం పోతుందని భయం. సాహెబు ఎదుట నిలబడాలంటే భయం. ఆ ఇంటివాళ్ళు నన్ను చూసే చూపు ఎలా మారుతుందోనని అన్నిటికన్నా ఎక్కువ భయం. ఆ భయాల కింద ఇంకొకటి ఉంది. దాని వైపు చూడకుండా బురదలో గబగబా నడుస్తున్నాను. ఇంకాసేపట్లో ఆ పిల్లకు మళ్ళీ పాలు కలుపుతారు.

ఊరి పొలిమేర దాటాక ఆగిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చేతిలో సీసా చల్లగా ఉంది. వెనక్కి తిరిగాను.

నేను వెళ్ళేసరికి పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. పెద్దమ్మ భర్త కూడా చేను నుంచి వచ్చి వసారాలో కూర్చుని ఉన్నాడు. పిల్లకు ఈ నీళ్ళు పట్టొద్దని గడపలో నిలబడే చెప్పాను.

"కాగవెట్టే పోస్తున్నం బిడ్డా," అంది పెద్దమ్మ. "కాగవెట్టి పోయిమని నర్సమ్మ చెప్పింది."

"కాగవెడితే ఇంకా ఎక్కువైతది." వాళ్ళకు అర్థం కాలేదని ముఖాల్లో కనిపించింది. నేను చదివిన పుస్తకంలోని మాటలేవీ నా నోటికి తెలుగులో రాలేదు. పొయ్యి వైపు చూశాను. "పప్పుచారు మరిగి మరిగి దగ్గరికైతే ఉప్పు ఎక్కువైతది గదా పెద్దమ్మా. ఉప్పు పోదు గదా. గట్లనే ఇది."

పెద్దమ్మ చేతిలో గరిటె ఆగింది. ఆమెకు అర్థమైంది. కానీ ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బాయి మంచిదని కాగితం మీరే ఇస్తిరి. ఇప్పుడు మంచిది కాదని మీరే అంటున్రు. మేము ఏది నమ్మాలె?"

కోపంగా అడగలేదు. నిజంగానే అడిగాడు.

"ఆ కాగితం తప్పు," అన్నాను. "ఆ నీళ్ళు నేను తోడలే. తోడిన అని సంతకం పెట్టిన."

పెద్దమ్మ మెల్లగా గరిటె కింద పెట్టింది. కూతురి ఒడిలోని పిల్ల వైపు, తర్వాత పెరట్లో ఇప్పుడు ఖాళీగా బోర్లించి ఉన్న బిందెల వైపు చూసింది.

"అంటే నేనే పోసిన్నా?" అంది. "నా చేతులతోటి నేనే పోసిన్నా?"

"లేదు పెద్దమ్మా. నేను తోడాలె. అది నా పని."

ఆమె వినలేదు. ముఖంలో రక్తం లేదు. నేను ఏ భయాన్నైతే మోసుకుని వచ్చానో అది ఆమె మీదికి పోయిందని, నేనే దాన్ని ఆమె చేతుల్లో పెట్టానని అప్పుడు అర్థమైంది. పిల్లను వెంటనే నాందేడ్ ఆసుపత్రికి తీసుకుపోవాలన్నాను. ఆయన లేచి బండి కట్టాడు.

నాలుగు గంటల బస్సు దొరికింది. పెద్దమ్మ, కూతురు, పిల్ల, నేను ఎక్కాం. పిల్ల దారి పొడుగునా నిద్రపోతూనే ఉంది. ఆ నిద్ర నాకు నచ్చలేదు. ప్రతి కుదుపుకూ వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. నేను వంగిన ప్రతిసారీ పెద్దమ్మ నా ముఖం చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగేది.

నాందేడ్ ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు, అలసిపోయి ఉన్నాడు. గుండెలో పుట్టుకతో లోపం అయి ఉంటుందని, ఔరంగాబాద్ తీసుకుపొమ్మని చీటీ రాయబోయాడు. ఆ చీటీ పూర్తయితే ఇంక నేను మాట్లాడలేనని నాకు తెలుసు. బావి నీళ్ళు అన్నాను, నైట్రేట్ అన్నాను, పుస్తకంలోని పేజీ మొత్తం మరాఠీ ఇంగ్లీషు కలిపి ఒక్క ఊపిరిలో అప్పగించేశాను. మీరెవరని అడిగాడు. ఎక్కడ పనిచేస్తున్నానో చెప్పాను. పిల్ల మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీశాడు. అది ఎర్రగా లేదు, చెరుకుబెల్లం పాకం రంగులో ఉంది. తెల్లకాగితం మీద వేసి గాలికి ఊపినా ఎర్రబడలేదు. చీటీ పక్కకు పెట్టి నర్సును పిలిచాడు.

పిల్లకు ఎక్కించిన మందు నీలం రంగులో ఉంది. మా ల్యాబులోనూ ఆ మందు ఒక సీసాలో పొడిగా ఉండేది, వేలికి అంటితే వారం రోజులు పోదు. నీలమైపోయిన పిల్లకు ఇంకా నీలం ఎక్కిస్తున్నారని కూతురు బెదిరి ఏడ్చింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇదే సరైన మందని పుస్తకంలో చదివాను కానీ, పుస్తకం నమ్మమని ఆమెకు ఎలా చెప్పను? నా కాగితం నమ్మినందుకే కదా ఇక్కడున్నారు. గంట గడిచిందో లేదో పిల్ల పెదవులు మెల్లగా రంగు మారడం మొదలుపెట్టాయి. మొదట నమ్మలేదు. దీపం వెలుతురు అనుకున్నాను. తర్వాత పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. పెద్దమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబు తెరిచి బావి నీళ్ళు పరీక్ష చేశాను. నీటిని గిన్నెలో ఆవిరి చేసి, ఆమ్లం కలిపి, చివర్న అమోనియా పోస్తే నైట్రేట్ ఉన్నంత మేర పసుపు వస్తుంది. మా దగ్గర పోల్చుకోవడానికి వరుసగా పెట్టిన గొట్టాల్లో అన్నిటికన్నా చిక్కని పసుపు కన్నా ఇది చిక్కగా వచ్చింది. ఆ గొట్టం తీసుకుని సాహెబు టేబులు మీద పెట్టి, మాఘంలో ఏం జరిగిందో చెప్పాను. నిలబడి, మొత్తం, మధ్యలో ఆగకుండా.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, రిజిస్టరు నా వైపు తిప్పి, ఇందులో ఇంకా ఎన్ని సీసాలు నువ్వు తోడలేదని అడిగాడు.

ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఒక్క ఊరి భయమే నాకు చాలిపోయింది. రిజిస్టరులో పేజీ తర్వాత పేజీ నా చిన్న సంతకాలు. ఏ సీసా ఎవరి చేతుల్లో నిండిందో అందులో ఎక్కడా లేదు. అది నేను ఇంట్లో రాసుకునే డైరీలో మాత్రమే ఉంది. అమ్మకు కూడా చూపని డైరీ. ఆ పూట తలుపు వేసుకుని పేజీలు తిప్పాను. ఎండల గురించి, బస్సుల్లో చదివిన పుస్తకాల గురించి, మనుషుల మంచితనం గురించి రాసుకున్నాను. వాళ్ళు చాలా మంచివాళ్ళు, కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు, బావి దాకా పోనివ్వకుండా వాళ్ళే నింపి ఇచ్చారు. ఇలాంటి వాక్యాలు ఆ ఊరు కాక ఇంకా ఏడు చోట్ల దొరికాయి. చదువుకుంటే నాకే బాగున్నాయనిపించిన వాక్యాలు అవి. ఏడు ఊళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి సాహెబుకు ఇచ్చాను. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఏడింటికీ పోయి రమ్మన్నాడు.

మొదట గోకుంద. ఆదిలాబాద్ పోయే పాసింజరు ఎక్కి, కిన్వట్‌లో దిగి నడిచాను. రైల్లో పుస్తకం తెరవలేదు. డైరీలో రాసుకున్న ఇల్లు వెతుక్కుని వెళితే ఇంటావిడ నన్ను గుర్తుపట్టి పీట వేయబోయింది. కూర్చోలేదు. ఈ బావి నీళ్ళు తాగే ఇళ్ళల్లో ఆరు నెలల లోపు పిల్లలున్నారా అని అడిగాను. వేలు మడుస్తూ లెక్కపెట్టి, ముగ్గురున్నారంది.

వాళ్ళను ఎండలోకి తీసుకురమ్మన్నాను. ఎందుకని అడిగితే చూసి చెప్తానన్నాను. మొదటి పిల్లవాడి గోళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. రెండో వాడివీ అంతే. మూడో పిల్ల తల్లి చేనుకు పోయిందన్నారు. వసారా అంచున నిలబడి ఎదురుచూశాను. ఆమె వచ్చేసరికి ఎండ గోడెక్కింది. చంకలో పిల్ల నిద్రపోతోంది. గుప్పెట విప్పితే గోళ్ళకు గోరింటాకు, నల్లగా పండి ఉంది. కింద రంగు ఏమీ కనిపించలేదు. పెదవులకేమో పొద్దున పెట్టిన కాటుక చెంపల మీద నుంచి జారి అంటుకుని ఉంది.

పిల్ల అరికాలు గిల్లాను. తల్లి నా చెయ్యి తోసేసి, "ఏంది మేడం, నిద్రవోయే పిల్లను గిల్లుతున్నవ్?" అంది.

"ఏడవనీయండి," అన్నాను.

పిల్ల ఉలిక్కిపడి లేచి, నోరంతా తెరిచి ఏడ్చింది. నాలుక ఎర్రగా ఉంది. అప్పుడు సీసా తీసుకుని బావి దగ్గరికి వెళ్ళాను.